దగ్గోళ్ల లారీ

పోయిన నెలలో ఒక పొద్దున కడపలో మా ఇంటి వసారాలో కూర్చుని పేపరు చదువుతుంటే అక్షరాల మీద నీడ పడింది. మబ్బు పట్టిందేమోనని సంతోషంగా తలెత్తాను. మా సీమలో పుట్టినవాళ్లకు ఎంత వయసొచ్చినా ఈ జబ్బు పోదు. మబ్బు కాదు, లారీ. బంతిపూల దండ వేసుకుని, మా ఇంటికంటే ఎత్తుగా గేటు ముందు నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎటునుంచి వచ్చిందో నాకు తెలియదు. అందులోంచి మా తమ్ముడి మనవడు దిగి పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ వచ్చాడు. వాడికి కమలాపురంలో నాపబండల వ్యాపారం. "ఏమిరా, దొంగ మాదిరి వచ్చినావు? సప్పుడు చేసి రాకూడదా?" అన్నాను. "అదే గదా జేజీ దీని గొప్ప!" అని వాడు పొంగిపోయాడు. కడప వైపు నాయనమ్మను జేజి అంటారు. కంపెనీ పిల్లవాడొకడు వచ్చి, ఇంజన్‌కు ఒక వైరు తగిలించి, ఒళ్లో కంప్యూటరు పెట్టుకుని, కూర్చున్న చోటే ట్యూనింగ్ చేసి పోయాడట. "చేతికి మసి గూడా అంటలే జేజీ," అన్నాడు, అదేదో ఆ పిల్లవాడి పుణ్యఫలం అయినట్టు. తర్వాత గుర్తొచ్చి, సీటు వెనకనుంచి గోనెపట్టాలో చుట్టిన వస్తువొకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఊళ్లో మా పాత మిద్దె దించుతుంటే అటక మీద దొరికిందట. విప్పి చూస్తే కవ్వం. చల్ల చిలికే కవ్వమే, కాని కింది పువ్వు కోసేసి, దాని స్థానంలో చదునుగా అరగదీసిన ఇనుప మొన ఒకటి బిగించి ఉంది. "ఇదేమన్నా ఆయుధమా జేజీ?" అని వాడు గొంతు తగ్గించి అడిగాడు. మా జిల్లాల్లో అటక మీద దొరికిన ఏ వస్తువైనా ముందు ఆయుధమనే అనుకోవడం మర్యాద. "కాదురా, దాంతో మీ ముత్తవ్వ లారీ ఇంజన్‌ని చిలికింది," అన్నాను. వాడు నా వయసును తలుచుకుని జాలిగా నవ్వి, కాఫీ తాగి వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు కూడా చప్పుడు లేదు.

మా ఊరు పత్తికొండకు పడమటి దిక్కున. ఊరి ముందర ఒక వంక, వంకకు అవతల ఆదోనికి పోయే మట్టిబాట. వానొస్తే వంకలో నీళ్లుంటాయి, అంటే సంవత్సరంలో చాలా రోజులు అది బాటలో ఒక పెద్ద గుంట మాత్రమే. బాట అందులోకి దిగి, మలుపు తిరిగి, మళ్లీ ఎక్కితే మా మిద్దె. మాది సేద్యం ఇల్లు. జొన్నలు, కొర్రలు, వాటితో పాటు బుడ్డలు, అంటే ఇప్పటివాళ్లు వేరుశనగ అనేవి. మా నాయనకు సేద్యం మీద మనసు తక్కువ. ఆకాశం వైపు చూస్తూ బతకడం తనవల్ల కాదనేవాడు. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు వేలం వేసిన లారీల్లో ఒకటి ఎన్నో చేతులు మారి మా నాయన చేతికొచ్చింది. వంక పక్కన ఉన్న నల్లరేగడి చేనొకటి అమ్మి దాన్ని తెచ్చాడు. ఆకాశం వైపు చూసి బతికిన మనిషి ఇక బానెట్ కిందికి చూసి బతకడం మొదలుపెట్టాడు. చుట్టుపక్కల ఊళ్ల బుడ్డల మూటలు ఆదోని మిల్లులకు తోలడం పని. లారీ బాగానే నడిచేది. దానికున్న లోపం ఒక్కటే, దగ్గు. ఏటవాలు దిగేటప్పుడు, యాక్సిలరేటర్ మీంచి కాలు ఎత్తినప్పుడల్లా వెనక గొట్టంలోంచి ఖళ్ళు ఖళ్ళుమని దగ్గేది. అది మామూలు చప్పుడు కాదు. ముందు రెండు చిన్న దగ్గులు, ఒక ఊపిరి, ఆ తర్వాత ఒక పెద్దది. వంకలోకి దిగి దగ్గిందంటే ఊరంతా వినపడేది.

ఆ దగ్గు సంగతి చెప్పాలంటే మా అబ్బ సంగతి చెప్పాలి. అబ్బ అంటే మా నాయనకు నాయన. ఆ కాలంలో మా వైపు మగవాళ్లు ఇంట్లోకి ఊరికే నడిచి వచ్చేవాళ్లు కాదు. పెద్దవాడైతే మరీను. గడప అవతల ఒక్క క్షణం ఆగి, దగ్గి, అప్పుడు లోపలికి రావాలి. లోపల కోడళ్లు ఎట్ల కూర్చుని ఉంటారో, ఏం మాట్లాడుకుంటుంటారో, కొంగు సర్దుకోవడానికీ మాట మార్చుకోవడానికీ వాళ్లకు ఆ మాత్రం వ్యవధి ఇవ్వాలి. అబ్బ చేని నుంచి వచ్చి వాకిట్లో చెప్పులు విడిచి దగ్గేవాడు. ముందు రెండు చిన్నవి, ఒక ఊపిరి, ఒక పెద్దది. అది వినగానే మా అవ్వ కొంగు భుజాల మీదికి లాక్కుని మంచం మీంచి లేచి నిలబడేది. వంటింట్లో సంగటి కుండ పొయ్యి ఎక్కేది. అబ్బ కాళ్లు కడుక్కుని వచ్చేసరికి పొగలు కక్కే ముద్ద తట్టలో, అంటే కంచంలో, పడేది. అబ్బ ఉన్నన్నాళ్లూ ఈ వరస తప్పగా నేను చూడలేదు. లారీ రాకముందటి ఎండాకాలంలో అబ్బ పోయాడు. అవ్వ ఏడవలేదు గాని తినడం మానేసింది. మానేశానని చెప్పలేదు. "ఆకలి కాలే లచ్చుమ్మా," అని మా అమ్మతో అనేది, ఆ మాటతో తట్ట పక్కకు జరిగేది. చూపు అప్పటికే సగం పోయింది. ఇప్పుడు మనిషీ సగమైంది.

లారీ ఇంటికొచ్చిన మొదటి రోజు సాయంత్రం నేను అవ్వ మంచం పక్కనే ఉన్నాను. తమ్ముడు అప్పటికింకా పుట్టలేదు. వంక దగ్గర ఖళ్ళు ఖళ్ళుమంది, ఊపిరి పీల్చింది, పెద్దగా ఒకటి దగ్గింది. అవ్వ కొంగు లాక్కుని లేచి నిలబడింది. ఆ తర్వాత తనకే సిగ్గేసి మెల్లగా కూర్చుంది. నేను పడీపడీ నవ్వాను. "ఏమి నగుతాండావు? నాకు తెలీదా అది లారీ అని? నాకు సూపు పోయినాది గాని మతి పోలే," అని నన్ను కసిరి, కొంగు సర్దుకుని, "దగ్గు మాత్రం ఆయప్పదే," అంది. ఆ తర్వాత వంటింటి వైపు తిరిగి, "లచ్చుమ్మా, సంగటి కెలుకు. వస్తాండాడు," అని కేకేసింది. ఆ రోజు అవ్వ మా నాయన పక్కన కూర్చుని ముద్ద తిన్నది. ఇక అదే రోజూ అలవాటైపోయింది. వంక దగ్గర లారీ దగ్గాలి, అవ్వ లేవాలి, సంగటి పొయ్యి ఎక్కాలి. దగ్గు వినపడే దాకా ఎవరు ఎంత బతిమాలినా ఆమె నోట్లోకి మెతుకు పోయేది కాదు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, మా నాయనకు తప్ప. ఆయనకు ఎలా తెలుస్తుంది? లారీ ఇంటికొచ్చేటప్పుడు ఇంట్లో లేని మనిషి మా ఇంట్లో ఆయన ఒక్కడే.

ఆయన బాధ వేరే. ఆదోని మిల్లుల దగ్గర ఆ లారీకి పేరు పెట్టారు. "దగ్గులోడు వచ్చినాడు, గేటు తీయండప్పా," అనేవాళ్లు. ఆ పేరు లారీ మీంచి ఇంటి మీదికి పాకడానికి ఎక్కువ కాలం పట్టలేదు. మా ఇంటిపేరు పాతది, బరువైనది. తాతలు దాన్ని నిలబెట్టడానికి తగాదాలు పడ్డారు, కోర్టులకు తిరిగారు. అటువంటి ఇంటిని జనం "దగ్గోళ్లు" అనడం మొదలుపెట్టారు. బళ్లో నన్ను కూడా "దగ్గోళ్ల పాప" అన్నారు. నేను అది నాయనతో చెప్పాను. ఆయన ఆ రోజు మీసం సగం కొరికేశాడు. "ఈ దగ్గు మాన్పకపోతే నేను మా నాయన కొడుకునే కాదు," అని ఇంటి ముందు పడసాలలో నిలబడి ప్రతిజ్ఞ చేశాడు. మా నాయన చేసిన ప్రతిజ్ఞల్లో ఇంత తప్పు మాటలతో చేసింది ఇంకొకటి లేదు, కాని అది మాకు తర్వాత తెలిసింది. ఆదోనిలో మరమ్మతు చేయిస్తే నలుగురూ చూస్తారు. ఇంట్లో మనిషికి జబ్బు చేస్తే గుట్టుగా ఇంట్లోనే వైద్యం చేయించినట్టు, లారీకీ ఇంట్లోనే చేయించాలని నిర్ణయించాడు. అవతల కర్నూలు రాజధాని అయి, గుడారాలేసి ప్రభుత్వాన్ని నడుపుతున్న రోజులవి. పడసాలలో రెండు నాపబండలేసి ఇంజన్‌ని విప్పుతానన్న మనిషిని ఏమని తప్పుపడతాం?

వైద్యుడిగా పత్తికొండ నుంచి మస్తాన్ సాయబు వచ్చాడు. యుద్ధంలో బర్మా దాకా పోయి లారీలు బాగుచేసి వచ్చానని చెప్పుకునేవాడు. ఆ యుద్ధం ఆయన లేకపోతే ఓడిపోయేదేనని మాకు అర్థమయ్యేది. నోరు పెద్దది, ఆకలి అంతకంటే పెద్దది. నాలుగు రోజుల పని అని బుడ్డలు పీకేటప్పుడు వచ్చి, శివరాత్రి దాకా మా ఇంట్లో ఉన్నాడు. "రెడ్డీ, ఇంజన్ గుర్రం మాదిరి. దానికి తిండి పెంచాల, ఊపిరి పెంచాల, అప్పుడు దగ్గు ఖాయంగా పోతాది," అనేవాడు. తిండి పెంచడమంటే ఇంకో పెద్ద లారీ నుంచి తెచ్చిన కార్బొరేటర్ పెట్టడం. ఊపిరి పెంచడమంటే సిలిండర్లు బోరు కొట్టించి, లావు పిస్టన్లు వేసి, వాల్వులు అరగదీసి సరిగ్గా కూర్చోబెట్టడం, కొత్త సైలెన్సరు తగిలించడం. మా నాయనకు ఈ మాటలన్నీ మంత్రాల్లా వినిపించేవి. మా అమ్మ ఆ జాబితా అంతా విని, "మరి వాకిలి ఎప్పుడు ఊడ్చాల?" అని మాత్రం అడిగింది.

మొదటి రోజు ఇంజన్‌ని లారీలోంచి పైకి లేపడమే ఒక తిరునాళ్ల అయింది. గొలుసులు, కప్పీలు మా దగ్గర లేవు. మా దగ్గరున్నది కపిల. బావిలోంచి తోలుబాన నిండా నీళ్లు లాగే సామాను, అంటే గిలక, మోకు, ఒక జత ఎద్దులు. గిలకను ఎద్దుల్ని కట్టేసే గాడిపాడు పక్కనున్న వేపచెట్టు కొమ్మకు కట్టి, మోకు ఒక కొస ఇంజన్‌కు, ఇంకో కొస ఎద్దుల కాడికి బిగించారు. నాయన అదిలించాడు. ఎద్దులు బుద్ధిగా ముందుకు నడిచాయి. ఇంజన్ గాల్లోకి లేచింది. చూడ్డానికి వచ్చిన ఊరంతా ఈల వేసింది. మా ఎద్దులు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కపిల తోలినవే. ముందుకు ఇన్ని అడుగులు నడవాలి, బాన పైకొచ్చాక నిలబడాలి, నీళ్లు పారాక వెనక్కి నడవాలి. ఆ పాఠం వాటికి ఎవరూ మళ్లీ చెప్పనక్కర్లేదు. నిలబడ్డాయి. నీళ్లు పారేంత సేపు ఆగాయి. తర్వాత హాయిగా వెనక్కి నడిచాయి. ఇంజన్ మళ్లీ వెళ్లి తన చోట్లో కూర్చుంది. మళ్లీ లేపారు, మళ్లీ దింపేశాయి. మస్తాన్ సాయబు బర్మాలో ఏనుగులతో లేపిన కథ చెప్పాడు. నాయన ఎద్దుల్ని తిట్టాడు. ఎద్దులకు తమ తప్పేమిటో అర్థం కాలేదు. నాకూ కాలేదు. చివరికి అవ్వ మంచం మీంచి, "పైకి లేసినప్పుడే మోకు చెట్టుకు కట్టేసి కాడి ఇప్పండ్రా, ఎద్దులు వాటి పని అవి చేస్తాండాయి," అన్నాక ఆ పని జరిగింది.

అక్కడి నుంచి మా ఇల్లు మా అమ్మది కాకుండా పోయింది. నట్టింట్లో దీపం పెట్టే చోటికి ఎదురుగా ఇంజన్ దిమ్మ. పడసాల నిండా పాత పంచెల మీద పరిచిన బోల్టులు, రింగులు. వాటిని దాటాలంటే గొబ్బెమ్మల ముగ్గు దాటినంత జాగ్రత్త కావాలి. ముందు వంటింట్లోంచి ఆముదం పోయింది. తర్వాత పిండి జల్లెడ పోయింది, పెట్రోలు వడకట్టడానికి. తర్వాత పాత చీరలు, చింతపండు, బూడిద, నీళ్ల కాగు, చివరికి నా లెక్కల పుస్తకం అట్ట కూడా పోయాయి. అట్టను ఇంజన్‌లోని నీళ్ల పంపు మూతి ఆకారంలో కత్తిరించి ఆముదం పూసి మధ్యలో పెట్టి బిగించారు. ఆ ఏడు నేను లెక్కల్లో తప్పడానికి అదే కారణమని ఇప్పటికీ నా నమ్మకం. ఇల్లంతా కిరసనాయిలు వాసన. చద్దిలో అదే, మజ్జిగలో అదే, దేవుడి గూట్లో విబూదిలో కూడా అదే. మా అమ్మ ఎదురు చెప్పే మనిషి కాదు. పొయ్యి కాడ గిన్నెల్ని కాస్త గట్టిగా పెట్టేది, అంతే. ఇంట్లో ఎన్ని గిన్నెలున్నాయో మాకు ఆ నెలల్లోనే బాగా తెలిసింది.

వాల్వుల పని వచ్చింది. వాల్వుకు నల్లటి గరుకు మందు పూసి, దాన్ని దాని గుంటలో ఇటూ అటూ తిప్పుతూ అరగదీయాలి. సగం చుట్టు ఇటు, సగం చుట్టు అటు. మస్తాన్ సాయబు రెండు అరచేతుల మధ్య కట్టె పెట్టి తిప్పి తిప్పి చేతులు బొబ్బలెక్కించుకున్నాడు. నాయనవీ ఎక్కాయి. ఇద్దరూ బొబ్బల చేతులతో కూర్చుని, అన్నం ముద్ద కూడా ఎత్తలేక చూస్తుంటే, పక్కనే గుంజకు తాడు కట్టి అమ్మ చల్ల చిలుకుతోంది. కవ్వం ఇటు సగం చుట్టు, అటు సగం చుట్టు. మగవాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మర్నాటికి అమ్మ పుట్టింటి కవ్వానికి పువ్వు పోయి ఇనుప మొన వచ్చింది. అమ్మ ఇంజన్ ముందు ముక్కాలిపీట వేసుకుని, తాడు పట్టి, వాల్వుల్ని చిలికింది. ముఖంలో కోపం ఉంది గాని, చేతుల్లో లేదు. చేతులకు అలవాటైన పనే. అవ్వ ఆ చప్పుడు విని, "వెన్న పడినాదా లచ్చుమ్మా?" అని అడిగేది. పడసాలంతా నవ్వేది. అమ్మ కూడా ఒకసారి నవ్వడం నేను చూశాను.

బోరు కొట్టించడానికి మాత్రం ఇంజన్ దిమ్మ ఆదోని పోక తప్పలేదు. నాయన దాన్ని ఎద్దులబండిలో పడుకోబెట్టి, ఎవరికీ కనపడకుండా దుప్పటి కప్పి, తెల్లారగానే బయలుదేరాడు. దుప్పటి కప్పిన బండి మెల్లగా పోతుంటే ఊరు ఊరుకుంటుందా? "ఎవరికప్పా బాగలేదు?" అని బాటలో ప్రతివాడూ అడిగాడు. ఇంజన్‌కని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. "మాయమ్మకు," అనేశాడు. మధ్యాహ్నానికి మా వాకిట్లో ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని గుంపు కట్టారు. అవ్వ మంచం మీద కూర్చుని బుడ్డలు వలుస్తోంది. "ఏమైనాదే మీకు?" అని అడిగితే, వాళ్లు చెప్పలేక చెప్పారు. అవ్వ ఒక బుడ్డ నోట్లో వేసుకుని నమిలి, "నన్ను ఆదోని పంపించినాడా? మరి నాకు చెప్పకుండానే?" అంది. ఆ సంగతి తలుచుకుని అవ్వ నాలుగు రోజులు నవ్వింది. లారీ పని లేక నాయన ఇంట్లోనే ఉండేవాడు కాబట్టి ఆ నెలల్లో ఆమె ఏదో ఇంత తినేది. దగ్గు లేదు గాని దగ్గును తెచ్చే కొడుకు ఎదురుగా ఉన్నాడు కదా.

ఇంజన్ మళ్లీ లారీలోకి ఎక్కింది. ఈసారి ఎద్దుల అలవాటే పనికొచ్చింది. వెనక్కి నడుస్తూ దాన్ని చక్కగా దింపాయి. మస్తాన్ సాయబు చెవి ఆనించి, డిస్ట్రిబ్యూటర్ని వెంట్రుకవాసి ఇటూ అటూ తిప్పి, నిప్పురవ్వ ఎప్పుడు పడాలో ఆ క్షణం పట్టాడు. ఒక చెంబు నిండా నీళ్లు తెప్పించి బానెట్ మీద పెట్టాడు. ఇంజన్ తిరుగుతోంది, చెంబులో నీళ్లు కదలడం లేదు. "బిల్కుల్ పెండ్లికూతురే!" అన్నాడు. మా నాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన కళ్లలో నీళ్లు నేను అబ్బ పోయినప్పుడు చూశాను, మళ్లీ అప్పుడే చూశాను. మస్తాన్ సాయబు కొత్త పంచె, తలగుడ్డ కట్టించుకుని, ఆఖరు ముద్ద కూడా తిని, దీవించి వెళ్లిపోయాడు.

మర్నాడు నాయన ఆదోని పోయి సాయంత్రం వచ్చాడు. వచ్చాడని మాకు తెలియదు. వాకిట్లో నిలబడి, "ఎట్లుండాది?" అని ఆయనే అడిగితే అమ్మ ఉలిక్కిపడి గరిటె జారవిడిచింది. పొయ్యి మీద కుండ లేదు. అవ్వ మంచం మీద అలాగే కూర్చుని ఉంది. "ఎవరు?" అంది. "నేనేమ్మా." "నువ్వా? ఇంట్లోకి దగ్గకుండా వచ్చినావేమిరా? పిల్లులు, దొంగలు రారా అట్ల?" అంది. నాయన అది పొగడ్త అనుకున్నాడు. పొగడ్త కాదని ఊరు నెమ్మదిగా చెప్పింది. వంకలో చెలమలు తోడి బట్టలుతికే ఆడవాళ్లు దగ్గు వినపడగానే చీరలు సర్దుకునేవాళ్లు, ఇప్పుడు మలుపు తిరిగితే లారీ వాళ్ల నెత్తిన ఉంటోంది. చావడిలో చీట్లాడే పెద్దమనుషులు, దగ్గు వినగానే ఇళ్లకు లేచేవాళ్లు, ఇప్పుడు పొద్దు తెలియక పెండ్లాల చేత తిట్లు తింటున్నారు. మూటలు బాట మీదికి తేవాల్సిన రైతులు లారీ పోయాక తెస్తున్నారు. "శానా బాగా చేసినావప్పా బండి," అని అందరూ ముఖం మాడ్చుకుని మెచ్చుకున్నారు. అన్నిటికంటే ఘోరం మా ఇంట్లో జరుగుతోంది. అవ్వ "ఆకలి కాలే" అనడం మళ్లీ మొదలుపెట్టింది. పొద్దు గూకేటప్పుడు వంక వైపు చెవి పెట్టి కూర్చునేది. లారీ వచ్చేసేది, నాయన తినేసేవాడు, ఆమె ఇంకా వింటూనే ఉండేది. చేతి వెండి కడియం మోచేతి దాకా జారింది. మేమందరం చూస్తూ ఉన్నాం. నాకు భయం వేసింది.

ఎదురు చెప్పని మా అమ్మ ఒక రోజు చెప్పింది. నాయన ముద్ద ముందు కూర్చుని, ఆదోనిలో తన లారీని ఎవరెవరు మెచ్చుకున్నారో చెబుతున్నాడు. అమ్మ పప్పు వడ్డించి గరిటె పక్కన పెట్టింది. "ఇదో, ఒక మాట అడుగుతా. నువ్వు ఎప్పుడన్నా ఇంట్లో ఉండి, నీ లారీ వచ్చేది ఇన్యావా?"

"నేను లారీలో ఉంటే ఇంట్లో యాడుంటా? పిచ్చిమాటలు."

"అదే చెప్తాండా. మేము ఇన్యాం. అత్త ఇన్నాది. అది దగ్గితే మామ వచ్చినట్టుండేది అత్తకు. లేసి నిలబడేది. నువ్వు సూడలే. ఇప్పుడు దగ్గు ల్యా, అత్తకు ముద్ద దిగడం ల్యా. ఇంక నీ ఇష్టం."

నాయన మంచం వైపు చూశాడు. అవ్వ గోడకు ఆనుకుని, వంక వైపే తల తిప్పి ఉంది. ఆయన చేయి కడుక్కుని లేచాడు. ముద్ద కూడా పూర్తి చేయలేదు.

మర్నాడు పొద్దు గూకే వేళకు వంక దగ్గర లారీ దగ్గింది. ముందు రెండు, ఒక ఊపిరి, ఒక పెద్దది. అవ్వ కొంగు లాక్కుని లేచింది. "లచ్చుమ్మా! సంగటి!" అని ఆమె వేసిన కేకకు గాడిపాట్లో ఎద్దులు కూడా తల తిప్పాయి. ఆ రోజు రెండు ముద్దలు తిన్నది. ఊళ్లో మాత్రం ఒకటే నవ్వు. ఇంట్లో సగం సామాను మింగి, నెలల తరబడి చేసిన వైద్యం నెల తిరక్కుండానే తుస్సుమందని. "దగ్గోళ్లు" అన్న పేరు ఈసారి రాయి మీద చెక్కినట్టు నిలబడిపోయింది. ఈ మాట పత్తికొండ దాకా పోయి మస్తాన్ సాయబు చెవిన పడింది. పరువు కాపాడుకోవడానికి పొద్దున్నే పరుగెత్తుకొచ్చాడు. బానెట్ ఎత్తి, చెంబు పెట్టి చూశాడు. నీళ్లు కదల్లేదు. "బిల్కుల్ సరిగ్గుండాది! నా చెయ్యి పడినాక దగ్గేది ఎట్ల రెడ్డీ?" అని తల పట్టుకున్నాడు. నాయన చుట్ట ముట్టించుకుంటూ, "ఏమో సాయబూ, సాయంత్రమైతే దగ్గుతాండాది. సలిగాలికేమో," అన్నాడు. ఎండాకాలం అది. సాయబు ఆ రోజు అన్నం తినకుండా వెళ్లిపోయాడు. మా ఇంట్లో ఆయన తినకుండా వెళ్లడం అదొక్కసారే.

అసలు సంగతి నాకు ఉగాది ముందర తెలిసింది. బట్టలు కొనడానికి అమ్మనూ నన్నూ నాయన ఆదోని తీసుకుపోయాడు. దారి పొడుగునా లారీ చప్పుడు లేకుండా పోయింది, వచ్చింది. ఊరి వంకకు అవతలి గట్టున, మలుపుకు ముందు, నాయన లారీ ఆపాడు. దిగి, బానెట్ ఎత్తి, జేబులోంచి చిన్న స్పానరు తీసి ఏదో వదులు చేసి, వేలెడు తిప్పి, మళ్లీ బిగించాడు. "నాయనా, ఏమైనాది?" అని అడిగాను. "ఏం ల్యా పాపా. గొంతు సవరిస్తాండా," అన్నాడు. అమ్మ కిటికీలోంచి అటు వైపు చేలను చూస్తూ కూర్చుంది, ఆ చేలల్లో చూడ్డానికి ఏమీ లేకపోయినా. లారీ వంకలోకి దిగి, కాలు ఎత్తగానే ఖళ్ళు ఖళ్ళుమంది. పొద్దున్నే ఎవరూ లేవకముందే దాన్ని మళ్లీ సరిగ్గా తిప్పుకునేవాడని తర్వాత తెలిసింది. ఆదోనిలో పెండ్లికూతురు, ఊళ్లో దగ్గులోడు. ఏ పేరు పోగొట్టుకోవడానికి అన్ని నెలలు తంటాలు పడ్డాడో, ఆ పేరును రోజూ సాయంత్రం తన చేత్తోనే తెచ్చుకున్నాడు. నాకు ఆ రోజు మా నాయన మీద పుట్టిన ప్రేమ ఇంతా అంతా కాదు. బళ్లో ఎవరైనా దగ్గోళ్ల పాప అంటే ఆ తర్వాత నేను కోప్పడలేదు.

అవ్వకు తెలియదనుకున్నాం. ఒకనాడు నేనే ఆగలేక, గుట్టు చెబుతున్నట్టు ఆమె చెవిలో చెప్పబోయాను. "నాకు తెలుసులే," అంది. "వంకకు ముందర బండి సప్పుడు ఆగిపోతాది, మళ్ల దగ్గుకుంటా లేస్తాది. సూపు పోయినోళ్లకు చెవులుండవా?" మరి ఎందుకు లేచి నిలబడతావని అడిగాను. అవ్వ ఒక బుడ్డ వలిచి నా చేతిలో పెట్టింది. "మీ అబ్బకు మాత్రం నిజంగా దగ్గుండెనా? ఆయప్పకు దగ్గూ ల్యా పాడూ ల్యా. గడప కాడ నిలబడి, మాకోసరం తెచ్చుకుంటాండె. మనకోసరం దగ్గినోనికి లేసి నిలబడకపోతే ఎట్ల పాపా?"

ఇప్పుడు మా తమ్ముడి మనవడి భార్య, లారీ ఎక్కడుందో ఫోనులో చూసుకుంటుంది. ఏ ఊరు దాటిందో, ఏ వీధి తిరిగిందో ఎర్రచుక్క చెబుతుంది. చాలా సౌకర్యం. దారిలో ఏమైందోనని గుండె పట్టుకుని కూర్చునే పని లేదు, దాన్ని నేను తక్కువ చేయను. మొన్న వాళ్లింటికి పోయినప్పుడు వాడు రాత్రి భోజనం వేళకు వచ్చాడు. ఆమె చుక్కను చూసి, వచ్చేశాడని తెలుసుకుని, టీవీ వైపు తిరిగింది. వాడు వేడిడబ్బాలోంచి తనే వడ్డించుకుని తిన్నాడు. ఎవరి తప్పూ లేదు. సంగటి చల్లారే భయం లేనప్పుడు ఎవరైనా ఎందుకు లేస్తారు? నేను మాత్రం వాడు గుమ్మంలోకి రాగానే కుర్చీలోంచి సగం లేచాను. "ఏం కావాల జేజీ?" అన్నాడు వాడు. ఏమీ వద్దని కూర్చున్నాను.

అవ్వ ఇంకో రెండు పంటలు చూసింది. పోయేముందటి సాయంత్రం కూడా ముద్ద తినే పోయింది. కర్మాంతరాలు అయ్యాక నాయన మళ్లీ లారీ తీశాడు. ఆ సాయంత్రం అమ్మా నేనూ వంటింట్లో ఉన్నాం. అవ్వ మంచం ఎత్తి గోడకు నిలబెట్టి ఉంది. పొద్దు గూకింది. ఇద్దరం వంక వైపు చెవి పెట్టి ఉన్నామని ఇద్దరికీ తెలుసు. వంక దగ్గర ఏ చప్పుడూ లేదు. ఇక దగ్గాల్సిన పని లేదు, ఆయన వంకకు ముందర లారీ ఆపలేదు. లారీ మెత్తగా వచ్చి వాకిట్లో నిలబడింది. నాయన దిగిన చప్పుడు, చెప్పులు విడిచిన చప్పుడు వినిపించాయి. కాని లోపలికి రాలేదు. గడప అవతలే నిలబడిపోయాడు. గోడకు నిలబెట్టిన మంచం అక్కడికి కనిపిస్తుంది.

ఆ తర్వాత ఆయన దగ్గాడు. ముందు రెండు చిన్నవి, ఒక ఊపిరి, ఒక పెద్దది.

అమ్మ కొంగు భుజాల మీదికి లాక్కుని లేచి, సంగటి కుండ పొయ్యి మీద పెట్టింది.